క్లచ్చమ్మ కక్ష

ఆమెకి క్లచ్చమ్మ అని పేరు పెట్టిన పెద్దమనిషి ఆ ఉదయం తన కాళ్ళతో తనే వచ్చి ఆమె తమ్ముడి మెకానిక్ షెడ్డు ముందు నిలబడ్డాడు. వెనకాల తాడు కట్టి లాక్కొచ్చిన కారు, కారు నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు. ఆ స్కూలుకి ఉన్నవల్లా రెండు కార్లు, ఒక ఖాళీ మైదానం. మైదానం కూడా ఎవరిదో. అయినా ఆయన్ని అందరూ ప్రిన్సిపాలు గారూ అనే పిలవాలి. అలా పిలవని వాళ్ళకి రివర్సు గేరు ఒక పట్టాన నేర్పడు.

ఆమె ఇంకో కారు అద్దం తుడుస్తోంది. చూసి కూడా చూడనట్టు తుడుస్తూనే ఉంది. మొన్నమొన్నటి దాకా ఆ లాక్కొచ్చిన కారులో పక్క సీటు ఆమెది. నేర్పేవాళ్ళ సీటు. ఆ సీటు ముందు కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉంటాయి, నేర్చుకునేవాళ్ళు కంగారు పడితే బండి ఆపడానికి. ఆ క్లచ్ మీద ఊరికే కాలు ఆనించి కూర్చుంటే లోపలి ప్లేటు కాలిపోతుంది.

"మా మెకానిక్ ఆస్పత్రిలో ఉన్నాడయ్యా. గతిలేక నీ దగ్గరికొచ్చాను," అన్నాడు ప్రిన్సిపాలు తమ్ముడితో. పని పడి వచ్చినప్పుడు ఆయన మాట్లాడే మర్యాద అది. "ఎత్తు ఎక్కదు. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. కొత్త క్లచ్ వేయించి ఎన్నాళ్ళో కాలేదు. మీ అక్క కాలు పెట్టిన పాపం ఇంకా వదల్లేదు దీన్ని."

తమ్ముడు అక్క వైపు చూశాడు.

"ఆ క్లచ్ వేయించింది మీరు నన్ను మాన్పించాక కదండీ," అంది ఆమె గుడ్డ పిండుతూ. "మా ఇంట్లో కూర్చుని మీ కారుదాకా చాపడానికి నా కాలు అంత పొడుగు లేదు."

"మనిషి పోయినా అలవాటు పోదమ్మా బండికి. అంతా క్లచ్చమ్మ మహిమ," అని ఆయన తన మాటకి తనే పడీ పడీ నవ్వాడు. తాడు విప్పుతున్న ఆయన కూతురు నవ్వలేదు. ఇప్పుడు ఆ పక్క సీట్లో కూర్చుని నేర్పుతున్నది ఆ పిల్లే. ఆ పిల్లకి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది మాత్రం క్లచ్చమ్మే.

ఆమెని పనిలోంచి తీసేసిన రోజున ప్రిన్సిపాలు కాలిపోయిన క్లచ్ ప్లేటుని మైదానానికి పట్టుకొచ్చాడు. నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళందరి ముందూ దాన్ని పైకెత్తి, 'పెడల్ మీద కాలేసుకుని కునుకు తీసే మేడమ్ గారి పనితనం ఇది, బాగా చూసుకోండి' అన్నాడు. ఆమె ఏదో చెప్పబోయింది. వాళ్ళ నవ్వులో ఆ మాట ఎవరికీ వినపడలేదు. ఆ ప్లేటు ఇప్పటికీ ఆయన ఆఫీసు గోడకి మేకుకి వేలాడుతోంది. ఊళ్ళో మిగతా డ్రైవింగ్ స్కూళ్ళకి పని అడగడానికి వెళ్తే, కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఆమె పాదాల వైపు ఓసారి చూసి, కబురు చేస్తామన్నారు. ఎవరూ చేయలేదు. భయంతో బిగుసుకుపోయిన మనిషి చేతులు స్టీరింగు మీద మెల్లిగా వదులవడం చూడటం కంటే ఆమెకి ఈ లోకంలో ఇష్టమైన పని ఇంకోటి లేదు. ఆ పని ఆమెకి మళ్ళీ దొరకాలంటే ఆ పేరు పోవాలి. పేరు పోవడం సంగతి తరవాత, ముందు ఆ నవ్వు నవ్వినవాడి పళ్ళు రాలాలని ఉండేది ఆమెకి. పొద్దున్న లేస్తే అదే జపం.

తమ్ముడు కారులో కూర్చుని హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగాడు. మూడో గేరు వేసి, కాస్త యాక్సిలరేటరు ఇచ్చి, క్లచ్ మెల్లిగా వదిలాడు. క్లచ్ బాగుంటే ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోవాలి. ఇది ఆగలేదు సరికదా, ఎవరో తరుముతున్నట్టు అరుస్తూనే ఉంది. బానెట్ కింది నుంచి కాలిన వాసన లేచింది.

"ప్లేటు జారిపోతోంది సార్. గేరుబాక్సు దించాలి. మీరు వెళ్ళండి, అయ్యాక కబురు చేస్తాను."

"నీ పనితనం కూడా చూద్దాం," అని ప్రిన్సిపాలు వెళ్ళిపోయాడు.

గేరుబాక్సు దించేసరికి మధ్యాహ్నం దాటింది. తమ్ముడు గొయ్యిలో నిలబడి పని చేస్తాడు, పైనుంచి పానాలూ గుడ్డలూ అందించేది ఆమె. షెడ్డులో చేరాక ఆ పని వచ్చేసింది. బయటికొచ్చిన ప్లేటు మీద రాపిడి పట్టీ అన్నది మిగల్లేదు, రివెట్ల తలకాయలు పైకి తేలి ఉన్నాయి. దానికి ఎదురుగా ఉండే ఇనుప చక్రం మీద వేడికి నీలం మచ్చలు పడ్డాయి. ఆమె గరుకు కాగితంతో ఆ మచ్చలు పోయేదాకా రుద్దింది. తమ్ముడు ఒక పాత గేరు షాఫ్టు ముక్కని మధ్యలో దూర్చి, కొత్త ప్లేటుని దాని మీద సరిగ్గా నడిమికి తెచ్చాడు. బోల్టులు ఎదురెదురువి చూసుకుంటూ, ఒక్కోదాన్నీ కాస్త కాస్త బిగించుకుంటూ వచ్చాడు. తొందరపడి ఒకే వైపు బిగిస్తే ప్లేటు ఒరుగుతుంది. వాడికి తొందర తెలీదు. పని చేస్తున్నంతసేపూ కింది పెదవి కొరుక్కుంటూ ఉంటాడు, చిన్నప్పుడు లెక్కలు చేసినప్పట్లాగే.

సాయంత్రానికి అంతా ఎక్కించేశాడు. ఇక గొట్టంలో గాలి తీయడం మిగిలింది. పెడల్ తొక్కితే ఆ బలాన్ని కిందికి మోసేది సన్నటి గొట్టంలో ఉండే ఆయిలు. అందులో గాలి చిక్కుకుంటే పెడల్ మెత్తబడిపోతుంది. ఒకళ్ళు పైన తొక్కాలి, ఒకళ్ళు కింద గాలి వదలాలి. ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది.

"తొక్కక్కా... పట్టుకో... ఆఁ, వదులు."

తొక్కింది, పట్టుకుంది, వదిలింది. వదిలిన ప్రతిసారీ ఆమె పాదం పెడల్ వెంట పైకొచ్చి, రావలసిన చోటికి ఓ వేలెడు ముందే ఆగిపోతోంది. పక్కనున్న బ్రేకు పెడల్ కంటే క్లచ్ పెడల్ కిందికి ఉంది. ఈ రకం కారులో రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఆమె కాలు పూర్తిగా తీసేసి, వంగి చూసింది. ఎవరూ తొక్కకుండానే పెడల్ కాస్త తొక్కి ఉంది.

కాళ్ళ కింది చాప ఎత్తింది. డ్రైవరు పెడల్ నుంచి పక్క సీటు పెడల్ దాకా కలుపుతూ ఒక రాడ్ పోతోంది. దాన్ని ఉండాల్సిన దానికంటే పొట్టిగా బిగించేశారు. పక్క పెడల్ వెళ్ళి తన అడ్డుకి తగులుకుని, డ్రైవరు పెడల్ని పైకి రాకుండా లాగి పట్టుకుంది. రాడ్ మీది నట్టు అంచులు పటకారు పళ్ళకి నలిగి ఉన్నాయి. మెకానిక్ అన్నవాడు నట్టుని పటకారుతో తిప్పడు. అలా తిప్పే మనిషిని ఆమె ఒక్కణ్ణే ఎరుగును. 'పక్క పెడల్ ఆలస్యంగా పడుతోంటే నేనే బిగించా. ఇప్పుడు కాలు ఆనిస్తే చాలు, బండి నిలబడిపోతుంది' అని అప్పట్లో ప్రిన్సిపాలు గొప్ప చెప్పుకున్నాడు కూడా.

పెడల్ పూర్తిగా పైకి రాకపోతే లోపల ప్లేటు పూర్తిగా కరుచుకోదు. కరుచుకోని ప్లేటు జారుతుంది, జారే ప్లేటు కాలుతుంది. అంతే సంగతి. ఆమె మడమ సీటు కిందికి మడిచి పెట్టుకుని, తిమ్మిరెక్కినా చాపకుండా కూర్చుని నేర్పిన రోజులన్నీ ఆ పటకారు గాట్లలో కనపడ్డాయి. అందరి ముందూ పైకెత్తి చూపించాడే ప్లేటు! అది ఈయన పటకారు పనితనం!

"అక్కా," అన్నాడు తమ్ముడు కింది నుంచి. "పెడల్ పూర్తిగా పైకొస్తోందా?"

చెప్తే వాడు చిటికెలో రాడ్ సరిచేస్తాడు. కారు బాగుపడుతుంది. ప్రిన్సిపాలు వచ్చి, 'చూశావా, క్లచ్చమ్మ లేకపోతే ఎంత సుఖంగా నడుస్తోందో' అంటాడు. చెప్పకపోతే కొత్త ప్లేటు కూడా మాడుతుంది. ఈసారి పక్క సీట్లో ఉండేది ఆయన కూతురు. సొంత కూతుర్ని ఏమని పిలుస్తాడో, ఆ ప్లేటుని ఏ గోడకి కొడతాడో చూడాలి.

"వస్తోంది," అంది ఆమె, చాప యథాతథంగా పరిచేస్తూ.

*

మర్నాడు కారు తీసుకెళ్ళారు. కొత్త ప్లేటు కనక హ్యాండ్ బ్రేకు పరీక్షలో ఇంజను వెంటనే ఆగిపోయింది. తమ్ముడు మురిసిపోయాడు. ఆమె కూడా మురిసిపోయింది, వేరే లెక్కలో.

ఆ తరవాత రోజూ ఏదో పని కల్పించుకుని మైదానం మీదుగా వెళ్ళేది. మరదలు సబ్బు తెమ్మంటే, దగ్గర్లో కొట్లుండగా అంత దూరం నడిచేది. గోడ పక్కన నిలబడి కారుని చూసేది. మైదానం నుంచి పెద్ద రోడ్డెక్కే చోట చిన్న ఎత్తు ఉంది. మొదట్లో కారు ఆ ఎత్తు చులాగ్గా ఎక్కింది. కొన్నాళ్ళకి ఇంజను మోత కాస్త పెరిగింది. ఆ మోత ఆమెకి సన్నాయిలా వినపడింది. ఇంటికొచ్చి కడుపునిండా తినేది. నెలల తరబడి లేని ఆకలి ఎక్కణ్ణుంచి వచ్చిందో అని మరదలు ఆశ్చర్యపోయింది.

"వదినా, ఈమధ్య నీ మొహంలో కళ వచ్చింది. పనేమైనా దొరికిందా?"

"దొరకబోతోందిలే," అంది ఆమె.

పక్క సీట్లో ఆ పిల్ల మడమ వెనక్కి మడుచుకునే కూర్చుంటోంది. గోడ పక్కనుంచి కాలు కనపడకపోయినా, భుజం ఒరిగిన తీరు చూస్తే ఆమెకి తెలుస్తుంది. తను నేర్పిన పద్ధతే. చివుక్కుమనిపించింది ఒక్క క్షణం. ఆ వెంటనే మైదానం నవ్వు గుర్తొచ్చి ఆ చివుక్కు కాస్తా ఆరిపోయింది. ఆ రోజు ఆ పిల్ల కూడా అక్కడే ఉంది. నవ్వలేదు, నిజమే. నోరు మాత్రం విప్పలేదుగా.

*

మళ్ళీ తాడు కట్టుకుని కారు షెడ్డుకి వచ్చింది. ఆమె చేతిలో పని పక్కన పెట్టి, తీరిగ్గా చూడటానికి స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఇప్పుడు కూతుర్ని తిడతాడు. వీధిలో, అందరూ వింటుండగా తిడతాడు.

ప్రిన్సిపాలు కూతురి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తిన్నగా తమ్ముడి దగ్గరికెళ్ళాడు.

"ఏమయ్యా, నీకు పని వచ్చా అసలు? మెకానిక్‌నని బోర్డు పెట్టుకోవడానికి సిగ్గులేదూ? నా కూతురు పక్క పెడల్ మీద కాలు పెట్టదు, నా కళ్ళతో నేను చూశాను. కాలు పెట్టకపోయినా ప్లేటు కాలిందంటే తప్పెవరిది?"

'కాలు పెట్టకపోయినా కాలింది.' ఆ మాట ఆయన నోట వినాలని ఆమె ఎన్ని రాత్రులు కలగంది! వచ్చింది. వచ్చి ఆమె తమ్ముడి నెత్తిన పడింది.

"విప్పి చూస్తాను సార్," అన్నాడు తమ్ముడు.

"చూడు. కాలిన ప్లేటు మాత్రం నాకిచ్చెయ్. మీ అక్క ప్లేటు పక్కనే ఇదీ కొడతాను గోడకి. కింద నీ షెడ్డు పేరు రాయిస్తా. వంశమే అంత అని జనానికి తెలియాలి."

ఆయన ముందు నడిచాడు. కూతురు కాస్త వెనకబడి, ఆమె దగ్గర ఆగింది.

"మేడమ్, మీరు చెప్పినట్టే కాలు వెనక్కి పెట్టుకునే కూర్చున్నాను. ఎందుకిలా అవుతోందో నాకు తెలీడం లేదు," అంది. "ఆ రోజు... మీరు కూడా పెట్టి ఉండరు కదూ?"

అడగాల్సినప్పుడు అడగని ప్రశ్నని ఈ పిల్ల ఇప్పుడు పట్టుకొచ్చింది, అదీ చెప్పడానికి ఆమెకి నోరు లేని సమయం చూసి.

తమ్ముడు గేరుబాక్సు మళ్ళీ దించాడు. ప్లేటు మాడి మసైంది. ఆ ప్లేటుని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు. ఇంజను వైపు సీలు నుంచి ఆయిలు కారి ప్లేటు మీద పడిందేమోనని వేలు పెట్టి చూశాడు. పొడిగా ఉంది. బోల్టులు ఒక్కటొక్కటీ విప్పి చూశాడు. ప్లేటుని అదిమిపట్టే నొక్కుడు పళ్ళెం స్ప్రింగు మీద గోరుతో గీసుకుంటూ పోయాడు, ఎక్కడైనా విరిగిందేమోనని. ఏమీ లేదు. అన్నీ బాగున్నాయి. అన్నీ బాగుండటమే వాణ్ణి కుంగదీసింది.

"పెడల్ సంగతి చూడాలేమో," అంది ఆమె, నేల వైపు చూస్తూ.

"అది నువ్వు చూశావుగా. పైకొస్తోందన్నావుగా. ఇంకెక్కడో నేనే ఏదో పొరపాటు చేశాను."

అక్కడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. చెప్తే తమ్ముడు ఏమంటాడోనని ఒక భయం. అంతకంటే పెద్దది ఇంకోటి ఉంది: ప్రిన్సిపాలు లేని చోట, నలుగురూ లేని చోట ఆ రాడ్ సంగతి బయటపడి సద్దుమణిగిపోవడం ఆమెకి ఇష్టం లేదు. కసి ఇంకా తీరలేదు. తమ్ముడు కుమిలిపోవడం కళ్ళారా చూస్తూ కూడా తీరలేదు. తన మనసు ఇంత పాడుదా అని ఆమెకే వింతగా తోచింది.

భోజనం దగ్గర వాడు కంచంలో చెయ్యి పెట్టి కూర్చున్నాడు కానీ తినలేదు. చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నాకు కళ్ళేమైనా తగ్గాయంటావా?" అని పెళ్ళాన్ని అడిగాడు.

"కళ్ళు తగ్గితే నా మొహం అందంగా కనపడాలిగా నీకు," అంది మరదలు నవ్వించబోయి. వాడు నవ్వలేదు. బోల్టు ఒకటి సరిగ్గా బిగించలేదేమోనని, పొద్దున్న బాగు చేసి పంపిన ఇంకో కారు వాళ్ళని కూడా వెనక్కి రమ్మన్నాడట. ఆ మాట విన్నాక ఆమె కంచం పక్కకి జరిపేసింది.

మర్నాడు ఇంకో కొత్త ప్లేటు వేసి అంతా ఎక్కించేశాడు. గాలి తీయడానికి పెడల్ ఆమే తొక్కింది. వాడు ఈసారి ఏమీ అడగలేదు. పని ముగిశాక, "కారు నేనే మైదానానికి తీసుకెళ్ళి అప్పజెప్తాను," అన్నాడు. "అందరి ముందూ పరీక్ష చేసి చూపిస్తాను. గోడకి కొట్టనివ్వను."

"నేనూ వస్తాను," అంది ఆమె. సంచిలో ఒక పానా, ఒక ఉక్కు స్కేలు వేసుకుంది.

*

మైదానంలో నేర్చుకునేవాళ్ళు తమ వంతు కోసం వరసగా నిలబడి ఉన్నారు. ప్రిన్సిపాలు కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఆమెని చూసి, "క్లచ్చమ్మ దర్శనం! చెప్పులు విడవండి అందరూ," అన్నాడు. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు.

తమ్ముడు కారు దిగాడు. వాడు నోరు తెరిచేలోపే ఆమె రెండు వైపుల తలుపులూ బార్లా తెరిచేసింది.

"అందరూ ఇటు రండి. మీరు కూడా రండి ప్రిన్సిపాలు గారూ. లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారు?"

"డ్రైవరు సీటు ఖాళీ. పక్క సీటు ఖాళీ. అవునా?" ఉక్కు స్కేలు తీసి క్లచ్ పెడల్ మీదా బ్రేకు పెడల్ మీదా అడ్డంగా ఆనించింది. స్కేలు క్లచ్ వైపు వాలింది. "మీ రెండో కారులో రెండు పెడళ్ళూ సమానంగా ఉన్నాయి, కావాలంటే వెళ్ళి చూసుకోండి. ఇక్కడ క్లచ్ తొక్కి ఉంది. ఇప్పుడు దీని మీద ఎవరి కాలుందో చెప్పండి."

ఆమె చాప తీసి అవతల పారేసింది. పానాతో రాడ్ నట్టు వదులు చేసింది. పెడల్ టక్కున పైకెగిరింది. స్కేలు మళ్ళీ పెట్టింది. ఈసారి వాలలేదు.

"ఈ రాడ్ పొట్టిగా బిగించినన్నాళ్ళూ ఏ క్లచ్ వేసినా కాలుతుంది. నేను కూర్చున్నా, మీ అమ్మాయి కూర్చున్నా, దేవుడు దిగొచ్చి కూర్చున్నా. ఈ నట్టుకి పటకారు గాట్లున్నాయి. ఎవరి పటకారో మీరే చెప్పండి."

ప్రిన్సిపాలు మెడ వంచి నట్టుని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. కూతురు కూడా వంగి చూసి, తండ్రి మొహం వైపు చూసి, దూరంగా జరిగి నిలబడింది. ఆ జరగడం ఆయన చూశాడు. ఆమె కూడా చూసింది. ఇన్నాళ్ళ కసీ ఆ క్షణంలో కమ్మగా కడుపులోకి దిగింది. వరసలో ఉన్న ఒకావిడ, "అయితే మేడమ్ తప్పేం లేదన్నమాట," అంది పైకే.

ప్రిన్సిపాలు అంత తేలిగ్గా కూలే మనిషి కాదు. చూపు మెల్లిగా తమ్ముడి మీదికి తిప్పాడు.

"సరే, నేను తెలియక బిగించాననుకో. నువ్వు మెకానిక్‌వి కదయ్యా. ఇంత పెద్ద తప్పు నీ కంటికి ఆనలేదా? బండి అంతా విప్పావు, ఈ నట్టు చూడలేదా? మా మెకానిక్ గుడ్డివాడైతే నువ్వు వాడికి అన్నవన్నమాట. విన్నారా అందరూ?"

తమ్ముడు రాడ్‌ని చూస్తున్నాడు. తరవాత అక్కని చూశాడు. వాడికి అర్థమైంది. వాడి కింది పెదవి పళ్ళ మధ్యకి పోయింది. 'నేనడిగాను, మా అక్కే చెప్పింది' అని ఒక్క ముక్క అంటే చాలు. అనలేదు. తల దించుకుని నిలబడ్డాడు, పని రానివాడిలాగా, ఊరందరి ముందూ.

ఆమె మాట్లాడకపోతే ఏ గొడవా లేదు. ఆమె పేరు కడిగిన ముత్యం. రేపటి నుంచి పక్క సీటు, ఏదో ఒక స్కూల్లో.

"వాడు అడిగాడు," అంది ఆమె. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "పెడల్ పైకొస్తోందా అని మొదటి రోజే అడిగాడు. నేను చూశాను. రావడం లేదని తెలిసి కూడా వస్తోందని అబద్ధం చెప్పాను. వాడి పనిలో తప్పు లేదు."

"ఎందుకు చెప్పావు?" అంది కూతురు.

"మళ్ళీ కాలిపోవాలని. ఈసారి మీ నాన్న నిన్ను అందరి ముందూ నిలబెట్టాలని."

ఇందాకటి ఆవిడ చేతిసంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. వెనకాల ఎవరో చప్పరించారు. "చూశారా! చూశారా!" అని ప్రిన్సిపాలు చేతులు బార్లా చాపాడు, ఎక్కడలేని ప్రాణం లేచొచ్చి. "నేను చెప్పలా? మనిషే అలాంటిది!" ఆయన కూతురు మాత్రం క్లచ్చమ్మనీ తండ్రినీ ఒకే రకంగా చూసి, గేటు వైపు నడిచి వెళ్ళిపోయింది. ఆయన అటు తిరిగి పిలుస్తూనే ఉన్నాడు.

ఆమె రాడ్‌ని ఉండాల్సినంత పొడవుకి పెట్టి, నట్టు బిగించి, స్కేలు ఇంకోసారి ఆనించి చూసుకుని బయటికొచ్చింది. తమ్ముడు అప్పటికే రోడ్డెక్కాడు.

పరుగులాంటి నడకతో వెళ్ళి వాణ్ణి కలుసుకుంది.

"తిట్టరా. నోరారా తిట్టు," అంది.

"ఎందుకు తిట్టడం? ఆ ప్లేటు గోడకి కొట్టిన రోజు నుంచీ నాకు మాత్రం లేదా వాడి మీద కసి? ఆ రాడ్ సంగతి నువ్వు నాకు చెప్పుంటే నేనే వదిలేసేవాణ్ణి. ఇద్దరం కలిసి వదిలేసి, కలిసి గోడ చాటున నిలబడి చూసేవాళ్ళం."

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "మరి ఎందుకురా ఆ మొహం?"

"అన్నం మానేసి నా చేతులు చూసుకుంటుంటే ఎదురుగా కూర్చున్నావు కదక్కా," అన్నాడు తమ్ముడు. "పని రాదని వాడన్నాడు, నేను నమ్మలేదు. నువ్వు మాట్లాడకుండా కూర్చుంటే నమ్మాను."

వాడు రోడ్డు దాటి అవతలికి వెళ్ళాడు. ఇంతలో బళ్ళు వరసగా వచ్చాయి. అవన్నీ పోయేదాకా ఆమె ఇవతలే నిలబడింది.